లూసిల్ బాల్: నవ్వించడం, ఆ నవ్వును దాచిపెట్టడం

1951 అక్టోబరు 15, సోమవారం రాత్రి ‘ఐ లవ్ లూసీ’ అనే టెలివిజన్ హాస్య ధారావాహిక మొదటి భాగం అమెరికాలో ప్రసారమయ్యేనాటికి లూసిల్ బాల్‌కు 40 ఏళ్లు నిండాయి. అప్పటికామె హాలీవుడ్‌లో అడుగుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. పదుల కొద్దీ సినిమాల్లో నటించింది, రెండు మూడు పెద్ద స్టూడియోల్లో జీతానికి పనిచేసింది, ఎక్కడా మొదటి వరుసలోకి రాలేదు. ముప్పై దాటితే వదిన వేషమూ, నలభై దాటితే అమ్మ వేషమూ ఇచ్చే పరిశ్రమలో, అది మనదైనా వాళ్లదైనా సరే, అంతవరకూ రెండో వరుసలో నిలబడిన ఒక నటి ఆ వయసులో దేశమంతటికీ ఇంటిమనిషి కావడం మామూలు సంగతి కాదు. నేను ఒంగోలులో టెలిఫోన్ శాఖలో ఉద్యోగం చేస్తూ, రిక్రియేషన్ క్లబ్బు నాటకాలతో మొదలుపెట్టి నాటక పరిషత్తుల పోటీల దాకా హాస్య పాత్రలే వేసుకుంటూ వచ్చినవాణ్ని. అందువల్ల ఆమె గురించి దొరికినదల్లా చదువుతున్నప్పుడు నా చూపు ఎప్పుడూ ఆమె అందం మీదా సంపాదన మీదా కాక, ఆ నవ్వును ఎలా తయారుచేసింది, తయారైన నవ్వును ఎలా నిలబెట్టుకుంది అన్న రెండు విషయాల మీదే నిలిచేది. చార్లీ చాప్లిన్‌ను ఎరగని తెలుగువాడు ఉండడు గానీ, ఈమెను ఎరిగినవాళ్లు మన వైపు చాలా తక్కువ. ఆ లోటు కొంతైనా తీరుద్దామని ఈ రాత.

ఆమె 1911 ఆగస్టు 6న న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రి హెన్రీ బాల్ టెలిఫోన్ కంపెనీలో లైన్‌మన్. మా శాఖలో లైన్‌మన్ ఉద్యోగమంటే ఏమిటో నాకు తెలుసు గనుక ఆ ఒక్క మాట చదవగానే ఆ కుటుంబం స్థితిగతులు నాకు సగం అర్థమయ్యాయి. బదిలీల మీద బదిలీలు, ఇల్లాలి చేతికి అందీ అందని జీతం, మనిషి ఇంట్లో కన్నా స్తంభం మీదే ఎక్కువగా ఉండే కాపురం. 1915లో అతను టైఫాయిడ్‌తో చనిపోయేనాటికి లూసిల్‌కు మూడేళ్లు దాటాయంతే, తల్లి కడుపులో ఇంకో బిడ్డ ఉన్నాడు. ఆ తరవాత పిల్లలు ఎక్కువగా సెలొరాన్ అనే పక్క ఊళ్లో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగారు. తాత ఫ్రెడ్ హంట్ వడ్రంగి పని తెలిసినవాడు, సోషలిస్టు భావాలవాడు, వాడవిల్ ప్రదర్శనలంటే చెవికోసుకునేవాడు. ఒకే రాత్రి పాటలు, గారడీలు, హాస్యపు తునకలు కలిపి వరసగా చూపించే ఆ ప్రదర్శనలకు మనవరాలిని వెంటబెట్టుకుని తీసుకెళ్లినవాడు ఆయనే.

ఆ తాతగారి ఇల్లు కూడా నిలవలేదు. 1927లో మనవడికి కొనిపెట్టిన చిన్న తుపాకీతో ఇంటి వెనుక గురిపెట్టడం నేర్పుతుండగా, పొరుగున ఉన్న ఒక బాలుడు అడ్డం వచ్చి గుండు తగిలి నడవలేని స్థితికి వచ్చాడు. దావా పడింది, ఇల్లు పోయింది, కుటుంబం చెదిరింది. తరవాతి కాలంలో లూసిల్ బాల్ డబ్బు విషయంలోనూ, కాగితాల మీద సంతకాల విషయంలోనూ చూపించిన జాగ్రత్తకు బీజం అక్కడే పడిందని నా అనుమానం. హాలీవుడ్‌లో చేతికి నాలుగు డబ్బులు రాగానే ఆమె చేసిన పని తల్లినీ, తమ్ముణ్నీ, తాతనూ ఒకే ఇంటికి చేర్చుకోవడం.

అంతకు ముందే, పదిహేనేళ్ల వయసులో, తల్లి ఆమెను న్యూయార్క్ నగరంలో ఒక నటనా పాఠశాలలో చేర్పించింది. అదే పాఠశాలలో అప్పుడు వెలుగుతున్న విద్యార్థిని, తరవాత పెద్ద సినిమా తార అయిన బెటీ డేవిస్. మన పల్లెటూరి పిల్ల అక్కడ నోరు విప్పడానికే భయపడేది. ఈ అమ్మాయి మీద డబ్బు తగలేయడం దండగని పాఠశాలవారు తల్లికి కబురు పెట్టారు. ఇంటికొచ్చింది, మళ్లీ నగరానికి వెళ్లింది, బట్టల దుకాణంలో మోడల్‌గా నిలబడింది, కీళ్లవాతమని వైద్యులు చెప్పిన జబ్బుతో చాలాకాలం మంచాన పడింది, లేచి నడక మళ్లీ నేర్చుకుని మళ్లీ వెళ్లింది. 1933లో ఎడ్డీ కాంటర్ నటించిన ఒక సంగీత హాస్యచిత్రంలో గుంపులో నిలబడే అమ్మాయిల్లో ఒకరుగా హాలీవుడ్ చేరింది. తక్కిన అందగత్తెలు ముఖానికి బురద పూసుకోవడానికి వెనకాడితే తాను ముందుకొచ్చిందని ఆ రోజుల గురించి ఒక కథ చెప్పుకుంటారు. నిజమెంతైనా, ఆమె స్వభావానికి అది అతికినట్టు సరిపోయే కథ.

ఆపై పదిహేనేళ్ల సినిమా జీవితాన్ని గురించి పెద్దగా చెప్పను. ఆర్‌కేఓ స్టూడియోలో చిన్న వేషాల నుంచి చిన్న సినిమాల కథానాయిక దాకా పెరిగింది; కేథరిన్ హెప్‌బర్న్, జింజర్ రోజర్స్ నటించిన 1937 నాటి ‘స్టేజ్ డోర్’లో గుర్తుండే పాత్ర చేసింది; 1942లో హెన్రీ ఫోండా సరసన గర్వం తలకెక్కిన గాయని పాత్రలో మంచి నటి అనిపించుకుంది; ఎం.జి.ఎం. స్టూడియోకు మారాక జుట్టుకు ఆ ప్రసిద్ధమైన ఎర్రరంగు వచ్చింది. పత్రికలవాళ్లు ఆమెను చిన్న సినిమాల మహారాణి అన్నారు. అందులో మెచ్చుకోలెంతో, వెక్కిరింత ఎంతో చెప్పడం కష్టం.

నా దృష్టిలో ఆ కాలంలో ఆమెకు దక్కిన అసలైన ఆస్తి ఎం.జి.ఎం.లో బస్టర్ కీటన్ పరిచయం. మూకీల కాలంలో చాప్లిన్‌తో సమానంగా నిలిచిన ఆ మహానటుడు అప్పటికి స్టూడియోలో ఇతరుల సినిమాలకు నవ్వు పుట్టించే ఉపాయాలు చెప్పే చిన్న ఉద్యోగంలో ఉన్నాడు. చేతిలో వస్తువుంటే దాన్ని ఎలా పట్టుకోవాలి, ఎలా నమ్మించాలి, ఎప్పుడు జారవిడవాలి అన్న పాఠం ఆమె ఆయన దగ్గర నేర్చుకుంది. నాటకాల్లో వేసినవాళ్లకు ఈ పాఠం విలువ తెలుస్తుంది. మా బృందంలో కొత్త కుర్రవాడికి డైలాగు నేర్పడానికి నాలుగు రోజులు పడితే, గొడుగు మడిచి మూలన పెట్టడం సహజంగా చేయించడానికి నెల పడుతుంది. సంభాషణను ప్రాంప్టరు అందిస్తాడు, గొడుగును ఎవరూ అందించరు.

ఆర్‌కేఓలో ఉండగానే, 1940లో ఒక సినిమా చిత్రీకరణలో, డెసి ఆర్నాజ్‌ను కలిసింది. క్యూబా దేశంలోని శాంటియాగో నగరానికి మేయరుగా పనిచేసినవాడి కొడుకు. 1933 నాటి తిరుగుబాటులో ఆస్తులన్నీ పోయి అమెరికాకు వలస వచ్చిన కుటుంబం. కాంగా డోలు వాయిస్తూ బ్యాండు నడుపుకునేవాడు. ఆమెకన్నా ఆరేళ్లు చిన్న. అదే సంవత్సరం నవంబరు 30న పెళ్లి చేసుకున్నారు. అతను బ్యాండుతో ఊళ్లు తిరగడం, ఆమె స్టూడియోలో ఇరుక్కోవడం, మధ్యలో అతని తాగుడు, పరస్త్రీల గొడవలు, అన్నీ కలిసి ఆ సంసారం ఎప్పుడూ గట్టు మీద నిలవలేదు. ఆ సంసారాన్ని నిలబెట్టుకోవాలన్న తపనలోంచే అమెరికా టెలివిజన్ చరిత్రలోని ఒక పెద్ద మలుపు పుట్టింది.

1948లో ఆమె సీబీఎస్ అనే ప్రసార సంస్థ రేడియోలో ‘మై ఫేవరిట్ హస్బెండ్’ అనే హాస్య ధారావాహిక మొదలుపెట్టింది. స్టూడియోలో ప్రేక్షకులను కూర్చోబెట్టి చేసే కార్యక్రమమది. ఆమె మొదట్లో కాగితంలో తలదూర్చి చదివేది. రచయిత, నిర్మాత అయిన జెస్ ఓపెన్‌హైమర్ ఆమెను హాస్యనటుడు జాక్ బెన్నీ కార్యక్రమానికి పంపి, ఆయన ప్రేక్షకుల నవ్వును ఎలా అందుకుంటున్నాడో, ఎంతసేపు ఆగుతున్నాడో గమనించి రమ్మన్నాడు. తిరిగొచ్చిన లూసిల్ వేరే మనిషి. సినిమాల్లో పదిహేనేళ్లూ ఆమెకు కరవైనదేమిటో అప్పుడు తేలింది. ఎదురుగా మనుషులుంటే తప్ప ఆమెలోని హాస్యనటి నిద్రలేచేది కాదు.

ఆ రేడియో కార్యక్రమాన్ని టెలివిజన్‌కు మారుద్దామని సీబీఎస్ అడిగితే, భర్త పాత్ర డెసికే ఇవ్వాలని ఆమె పట్టుబట్టింది. ఇంగ్లీషును స్పానిష్ యాసతో పలికే క్యూబా మనిషి ఒక అమెరికన్ గృహిణికి భర్త అంటే జనం నమ్మరని కంపెనీ అభ్యంతరం. నిజ జీవితంలో పదేళ్లుగా అతనే భర్త అన్నది వాళ్లకు తట్టలేదు. ఆమె వాదించి కూర్చోలేదు. 1950లో ఇద్దరూ కలిసి వాడవిల్ పద్ధతిలో ఒక హాస్య ప్రదర్శన తయారుచేసుకుని థియేటర్ల వెంట తిరిగారు. పెపీటో అనే స్పానిష్ విదూషకుడు ఆమెకు సెల్లో వాద్యంతో చేసే ఒక తమాషా నేర్పాడు. జనం విరగబడి నవ్వారు, ఇక కంపెనీ దగ్గర జవాబు లేకపోయింది. 1951 మార్చిలో నమూనా భాగం తీశారు. అందులో ఆ సెల్లో తమాషా ఉంది. అప్పటికి ఆమె గర్భవతి, వదులైన బట్టలతో దాన్ని కప్పిపుచ్చింది. జులైలో కూతురు లూసీ పుట్టింది.

ఇక్కడ సాంకేతిక విషయం కొంత వివరించక తప్పదు, ఎందుకంటే ఆమె జీవితంలో తక్కిన మలుపులన్నీ దీని చుట్టూనే తిరిగాయి. ఆ రోజుల్లో అమెరికా టెలివిజన్ కార్యక్రమాలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి ప్రత్యక్షంగా ప్రసారమయ్యేవి. దూరంగా ఉన్న పడమటి తీరానికి కార్యక్రమం చేరాలంటే, టెలివిజన్ తెర ముందు ఒక ఫిల్ము కెమెరా పెట్టి దాన్ని మళ్లీ చిత్రీకరించి ఆ నకలు పంపేవారు. మసకగా, మరకలు మరకలుగా ఉండే ఆ నకలును కినెస్కోప్ అనేవారు. కార్యక్రమానికి ఖర్చు పెట్టే ఫిలిప్ మారిస్ సిగరెట్ల కంపెనీకి న్యూయార్క్ ప్రేక్షకులు ముఖ్యం గనుక, దంపతులు న్యూయార్క్ రావాలన్నారు. హాలీవుడ్ వదిలి వచ్చేది లేదని వీళ్లన్నారు. మధ్యేమార్గంగా మొత్తం కార్యక్రమాన్ని సినిమాలాగా 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీదే తీస్తామని డెసి ప్రతిపాదించాడు. ఖర్చు పెరుగుతుందని సీబీఎస్ గొణిగితే, మా జీతం తగ్గించుకోండి, బదులుగా ఆ ఫిల్ముల హక్కు మాకు రాసివ్వండి అన్నాడు. ఒకసారి ప్రసారమైపోయిన కార్యక్రమాన్ని రెండోసారి ఎవరు చూస్తారని అప్పట్లో అందరి నమ్మకం కనుక, సీబీఎస్ ఆ హక్కును పెద్దగా ఆలోచించకుండా ఇచ్చేసింది.

ఫిల్ము మీద తీయడం, ఎదురుగా ప్రేక్షకులు ఉండడం, ఈ రెండూ ఒకదానికొకటి పొసగని విషయాలు. సినిమాలో ఒక షాటు తీశాక దీపాలు మారుస్తారు, కెమెరా మారుస్తారు, మళ్లీ అదే నటన చేయిస్తారు. అంతసేపు కూర్చునే ప్రేక్షకుడు రెండోసారి నవ్వడు. అందుకని మూడు కెమెరాలు ఒకేసారి తిరిగేలా, ఒకటి రంగమంతా, రెండు దగ్గరి ముఖాలు పట్టేలా ఏర్పాటు చేశారు. మూడు కెమెరాల పద్ధతిని అంతకు ముందు కొందరు ప్రయత్నించి చూశారు గానీ, కథతో నడిచే హాస్య కార్యక్రమానికి దాన్ని ఒక స్థిరమైన పద్ధతిగా నిలబెట్టిన ఘనత వీళ్లదే. దీపాల సమస్యను తీర్చినవాడు కార్ల్ ఫ్రాయిండ్. జర్మనీలో 1927 నాటి ‘మెట్రోపోలిస్’కు కెమెరా పట్టి, హాలీవుడ్‌లో ఆస్కార్ అందుకున్న ఆ పెద్దమనిషి, నేల మీద స్తంభాలేవీ లేకుండా పైనుంచే అన్ని మూలలకూ సమానంగా వెలుతురు పడేలా దీపాలు వేలాడదీశాడు. స్టూడియోలోకి మూడు వందల మంది ప్రేక్షకులను రానివ్వాలంటే మరుగుదొడ్లు ఉండాలని ఆరోగ్యశాఖవారు అభ్యంతరం పెడితే, మహిళల కోసం లూసిల్ తన డ్రెస్సింగ్ రూమునే వదిలేసిందట.

పరిషత్తుల్లో ఆడినవాణ్ని గనుక ఈ ఏర్పాటు విలువ నాకు ఒంటికి తెలుస్తుంది. నవ్వొచ్చినప్పుడు మాట ఆపి, ఆ నవ్వు సగం దిగేదాకా ఆగి, పూర్తిగా చల్లారకముందే తరవాతి మాట అందించాలి. ముందుగా అంటే మాట నవ్వులో మునిగిపోతుంది, ఆలస్యంగా అంటే సభ జావగారిపోతుంది. దీన్ని గదిలో కూర్చుని లెక్కగట్టడం ఎవరివల్లా కాదు. ఎదురుగా ఉన్న జనమే చెప్పాలి. ‘ఐ లవ్ లూసీ’లో వినిపించే నవ్వు ఆ రాత్రి అక్కడ కూర్చున్న జనానిదే. ఆమె ముఖం ఆ నవ్వుకోసం ఒక్క క్షణం నిలిచి, మళ్లీ కదిలే తీరు ఫిల్ము మీద చెక్కుచెదరకుండా ఉంది. మా తరం చూసిన గొప్ప రంగస్థల నటుల్లో ఎందరిది ఇలా మిగిలింది? ఎన్నో ఊళ్లలో వేలమందిని కడుపుబ్బ నవ్వించినవాళ్ల పనితనం ఇవాళ నాలుగు మసక ఫొటోలూ, రెండు షీల్డులూను.

కథ చిన్నది. న్యూయార్క్‌లో ఒక అద్దె వాటా. భర్త రికీ క్లబ్బులో బ్యాండు నడుపుతాడు. భార్య లూసీకి ఎలాగైనా రంగం ఎక్కాలని పిచ్చి. ఇంటి యజమానులైన ఫ్రెడ్, ఎథెల్ దంపతులు ఆమె పన్నాగాల్లో భాగస్వాములు. ఎథెల్‌గా వేసిన వివియన్ వాన్స్, ఆమె భర్తగా వేసిన విలియం ఫ్రాలీకన్నా ఇరవై ఏళ్లకు పైగా చిన్నది. ఆ ఇద్దరికీ నిజ జీవితంలో క్షణం పడేది కాదు. తెర మీద ఆ ఎడమొహం పెడమొహం ముసలి కాపురంలా అమరిపోయింది. మాడెలిన్ ప్యూ, బాబ్ కారల్ అనే జంట రచయితలు ఏ తమాషా రాసినా లూసిల్ ముందు దాన్ని చేతులతో చేసి చూసేది. వారం మొదట్లో చదవడం, ఆపై రోజంతా రిహార్సల్సు, వారం చివర ఒక సాయంత్రం ప్రేక్షకుల ముందు మొదటి నుంచి చివరిదాకా నాటకంలాగా ఆడేయడం. తెర మీద పిచ్చిపిచ్చిగా కనిపించేదంతా అంగుళాలతో సహా సాధన చేసిందే. అప్పటికప్పుడు కల్పించి మాట్లాడడం ఆమెకు గిట్టేది కాదు.

1952 సెప్టెంబరులో వచ్చిన చాక్లెట్ ఫ్యాక్టరీ భాగాన్ని మా బృందంలోని పిల్లలకు ఒక ఆదివారం మా ఇంట్లో టీవీలో పెట్టి చూపించాను. మా ఆవిడతో పాటు ఎదురింటి పెద్దమ్మ కూడా వచ్చి కూర్చుంది. పెద్దమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు. వయసులో ఉన్నప్పుడు ఏళ్ల తరబడి పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగుకు వెళ్లిన మనిషి. తెర మీద లూసీ, ఎథెల్ కదిలే పట్టీ ముందు నిలబడ్డారు. ఒక్క చాక్లెట్ కాగితం చుట్టకుండా దాటిపోయినా ఉద్యోగం ఊడుతుందని మేస్త్రీ చెప్పి వెళ్లింది. మొదట పట్టీ మెల్లగా నడిచింది, ఇద్దరూ హాయిగా చుట్టారు. వేగం పెరిగింది. చుట్టలేనివాటిని నోట్లో కుక్కుకున్నారు, టోపీల్లో దాచారు, జాకెట్లలో వేసుకున్నారు. మేస్త్రీ తిరిగొచ్చి చూస్తే పట్టీ శుభ్రంగా ఉంది. చాలా బాగా చేస్తున్నారని మెచ్చుకుని, ఇంకా వేగం పెంచమని అరిచింది. అక్కడ మా పిల్లలు లూసీ ఉబ్బిన బుగ్గలు చూసి నవ్వుతుంటే, పెద్దమ్మ మాత్రం మేస్త్రీని చూసి నవ్వింది. “మేస్త్రీలంతా ఒకటేనయ్యా, ఏ దేశమైతే ఏంది? ముందర ఆకు కనపడకపోతే ఇంకో బేలు తెచ్చి పడేసేవోళ్లు” అంది. ఆ సన్నివేశం మీద నేను చదివిన రాతలు చాలా ఉన్నాయి. అన్నిటిలోకీ ఈ మాటే నాకు సూటిగా తోచింది. అదే భాగంలో అంతకు ముందు సన్నివేశంలో, లూసీ పక్కన నిలబడి చాక్లెట్ ముంచే ఆవిడ పాత్రకు నిజంగా ఆ పని చేసుకుని బతికే మనిషినే పిలిపించారు. నవ్వకుండా, చూపు తిప్పకుండా, చేతి పని చేతిదే అన్నట్టుండే ఆమె పక్కన ఉండబట్టే లూసీ కంగారు అంతగా పండింది.

రెండో కాన్పు సంగతి ఇంకా విచిత్రం. 1952లో ఆమె మళ్లీ గర్భవతి అయింది. గర్భిణి టెలివిజన్‌లో కనిపించడమే అసభ్యమని భావించే కాలమది. దంపతులు దాన్ని దాచకుండా కథలో కలుపుదామన్నారు. సిగరెట్ల కంపెనీ పెద్దల దాకా వెళ్లి ఒప్పించారు. గర్భం అన్న మాట వాడకుండా, బిడ్డ కోసం ఎదురుచూస్తున్నారనే అర్థం వచ్చే మర్యాదైన మాటలు వాడారు. ఒక కాథలిక్ పూజారి, ఒక ప్రొటెస్టెంట్ పాస్టరు, ఒక యూదు మతగురువు ప్రతి స్క్రిప్టునూ చదివి అభ్యంతరం లేదన్నారు. 1953 జనవరి 19న ఉదయం ఆమెకు శస్త్రచికిత్సతో కొడుకు పుట్టాడు. ఆ రాత్రే, ముందుగా తీసిపెట్టుకున్న భాగంలో, లూసీకి కూడా కొడుకే పుట్టాడు. 4 కోట్ల 40 లక్షల మంది ఆ రాత్రి టీవీల ముందు కూర్చున్నారని అంచనా. మర్నాడు ఐసెన్‌హోవర్ అధ్యక్షుడిగా చేసిన ప్రమాణస్వీకారాన్ని చూసినవాళ్లు అంతకన్నా తక్కువ. ఆమె బాలింతగా ఉన్న వారాల్లో ఖాళీ పూరించడానికి పాత భాగాలు మళ్లీ వేస్తే జనం వాటినీ చూశారు. రెండోసారి ఎవరు చూస్తారన్న నమ్మకం అక్కడ బద్దలైంది. హక్కులు ఎవరి దగ్గరున్నాయో అప్పుడు సీబీఎస్‌కు గుర్తొచ్చి ఉంటుంది.

అదే సంవత్సరం సెప్టెంబరులో ఇంకో గండం. 1936లో తాత మనసు నొప్పించలేక కమ్యూనిస్టు పార్టీ ఓటరుగా నమోదు చేయించుకున్న కాగితం బయటపడింది. కమ్యూనిస్టు అన్న అనుమానం వస్తే చాలు జీవితాలు కూలిపోతున్న రోజులవి. విచారణ సంఘం ముందు ఆమె తాత సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ వారం చిత్రీకరణకు వచ్చిన ప్రేక్షకుల ముందు డెసి నిలబడి, లూసీలో ఎర్రగా ఉన్నది జుట్టొక్కటేనని, అదీ అసలు రంగు కాదని అన్నాడు. జనం నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ విచారణల్లో నలిగిపోయిన ఇతర కళాకారులకు అలాంటి అదృష్టం పట్టలేదన్నది కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అంత ప్రేక్షకాదరణ, అంత వ్యాపారం వెనుక ఉండబట్టే ఆమెను ముట్టుకోవడానికి ఎవరూ సాహసించలేదు.

ఇద్దరి పేర్లూ కలిపి పెట్టుకున్న డెసిలూ సంస్థ దినదినాభివృద్ధి చెందింది. ఆరేళ్లలో 180 భాగాలు తీశాక, వాటి హక్కులను సీబీఎస్‌కే తిరిగి లక్షల డాలర్లకు అమ్మి, 1957లో ఆర్‌కేఓ స్టూడియోను కొన్నారు. గుంపులో నిలబడే అమ్మాయిగా, ఒప్పంద నటిగా తాను ఏళ్ల తరబడి గేటు దాటి వెళ్లిన చోటికి ఆమె యజమానురాలై వెళ్లింది. సంసారం మాత్రం నిలవలేదు. 1960లో విడాకులు తీసుకున్నారు. మరుసటి ఏడు ఆమె గ్యారీ మార్టన్ అనే హాస్య కళాకారుణ్ని పెళ్లాడింది. 1962లో డెసి వాటాను 25 లక్షల డాలర్లిచ్చి కొనేసి, హాలీవుడ్‌లో ఒక పెద్ద స్టూడియోకు అధిపతి అయిన మొదటి మహిళగా నిలిచింది. ఖర్చుకు భయపడి తన సంస్థ పెద్దలే వద్దన్న ‘స్టార్ ట్రెక్’, ‘మిషన్: ఇంపాజిబుల్’ ధారావాహికలకు పచ్చజెండా ఊపింది ఆమే. అంతరిక్ష నౌకల కథ ఆమెకు ఎంత అర్థమైందో గానీ, తన మనుషులు నమ్మిన పనికి డబ్బు పెట్టాలన్నది అర్థమైంది. 1967లో సంస్థను 1 కోటి 70 లక్షల డాలర్లకు అమ్మేసింది.

ఈ భాగం చదువుతున్నప్పుడు మా జిల్లావాడెవడికైనా భానుమతి గారు గుర్తుకు రాకుండా ఉండరు. 1925లో మా ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టి, 1939లో తెర మీదికొచ్చి, భర్త రామకృష్ణారావుగారితో కలిసి కొడుకు పేరిట భరణి సంస్థను పెట్టి, మద్రాసులో సొంత స్టూడియో నడిపిన మనిషి. 1953లో లూసిల్ బాల్ బిడ్డ పుట్టుక అమెరికా పత్రికల నిండా ఉన్నప్పుడు, భానుమతి ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో తానే దర్శకత్వం వహించి తీశారు. ఒకరి గురించి ఒకరికి తెలిసే అవకాశం లేని ఇద్దరు ఆడవాళ్లు, నటిగా వచ్చే జీతం కన్నా తీసిన ఫిల్ము మీద హక్కు గొప్పదని ఒకే కాలంలో గ్రహించారు. పోలిక అంతవరకే. భానుమతి గారు రాశారు, పాడారు, రెండూ కాక సంగీత కళాశాలకు అధ్యక్షత వహించారు. పాట విషయంలో మాత్రం లూసిల్ బాల్ పేదరాలు.

ఆ పేదరికమే 1974లో ‘మేమ్’ అనే సంగీత చిత్రంలో బయటపడింది. విమర్శకులు ఆమె గొంతునూ, వయసును కప్పడానికి కెమెరాకు వేసిన ముసుగులనూ కలిపి ఉతికేశారు. టెలివిజన్‌లో ‘ద లూసీ షో’, ‘హియర్స్ లూసీ’ పేర్లతో 1974 దాకా విరామం లేకుండా నవ్వించింది. నా మట్టుకు అవి మొదటిదానికి సాటి రావు. భర్తను మోసపుచ్చి రంగం ఎక్కాలనుకునే లూసీకి అడ్డంకి ఉంది, ఆ అడ్డంకి పట్ల ప్రేమా ఉంది; తరవాతి లూసీలకు అడ్డంకి కేవలం పై అధికారి. ఎదురుగా గట్టి పాత్ర లేకపోతే హాస్యపాత్ర ఒంటరిగా గెంతుతుంది. 1985లో ఇల్లూవాకిలీ లేక న్యూయార్క్ వీధుల్లో బతికే ముసలమ్మగా ఒక టీవీ చిత్రంలో నటించింది. 74 ఏళ్ల వయసులో అలాంటి వేషానికి ఒప్పుకోవడంలోని సాహసం మెచ్చుకోదగ్గది. మరుసటి ఏడు ‘లైఫ్ విత్ లూసీ’ అంటూ మళ్లీ పాత తమాషాలకు దిగితే, నిచ్చెనలెక్కే ముసలామెను చూసి నవ్వాలో భయపడాలో జనానికి తెలియలేదు. ఎనిమిది భాగాలు ప్రసారమయ్యాక ఆపేశారు. ఆమె దీన్ని తట్టుకోలేకపోయిందని దగ్గరివాళ్లు చెప్పారు. ఆ డిసెంబరులోనే డెసి ఆర్నాజ్ చనిపోయాడు. విడిపోయినా ఇద్దరి మధ్యా స్నేహం చెడలేదు.

1989 మార్చిలో ఆస్కార్ వేదిక మీద హాస్యనటుడు బాబ్ హోప్ పక్కన ఆమె చివరిసారి కనిపించింది. ఏప్రిల్ 26న గుండె నుంచి వచ్చే పెద్ద ధమని చిట్లి లాస్ ఏంజెలస్‌లో కన్నుమూసింది; వయసు 77. పుట్టిన ఊరివాళ్లు ఆమెను వదల్లేదు. జేమ్స్‌టౌన్‌లో ఆమె పేరిట మ్యూజియం ఉంది, 2018లో జాతీయ హాస్య కేంద్రం కూడా అక్కడే తెరిచారు. సెలొరాన్‌లో 2009లో పెట్టిన కంచు విగ్రహం మాత్రం ఆమె పోలికలు లేక చూసినవాళ్లు జడుసుకునేలా ఉండేసరికి గోల మొదలై, 2016లో వేరే శిల్పి చేత కొత్తది చేయించి నిలబెట్టారు. కూడళ్లలో మన నాయకుల విగ్రహాలు చూసి అలవాటైన కళ్లకు ఆ పాత విగ్రహం మరీ అంత ఘోరంగా కనిపించకపోవచ్చు.

ఇది చదివి ఎవరైనా చూడాలనుకుంటే, ఆఖరి ధారావాహికలతో మొదలుపెట్టవద్దని నా మనవి. 1955లో మూకాభినయానికి పేరుపడ్డ హార్పో మార్క్స్ అతిథిగా వచ్చిన భాగాన్ని ముందు చూడండి. అతని వేషమే వేసుకుని, గుమ్మంలో అద్దంలోని నీడలాగా అతని ప్రతి కదలికనూ లూసీ అనుకరించే సన్నివేశానికి ఇంగ్లీషు అక్కర్లేదు. దాని తరవాత చాక్లెట్ ఫ్యాక్టరీ. ఇంట్లో పెద్దవాళ్లుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.